కదళీపాకం

పరీక్షా పత్రాలు దిద్దేటప్పుడు ఏటా ఒకే మాట నాకు పదేపదే ఎదురవుతూ ఉంటుంది: ద్రాక్షాపాకం నోట వేసుకోగానే రసమిస్తుంది, కదళీపాకానికి తొక్క ఒలవాలి, నారికేళపాకానికి కాయ పగులగొట్టాలి. అందులో తప్పేమీ లేదు. మార్కులు వేయక తప్పదు. కాని నిరుడు తరగతిలో అరటి దూట ముక్క నొకదానిని బల్లమీద పెట్టి ఇదేమిటని అడిగితే, 40 మందిలో పేరు చెప్పగలిగినవారు ఇద్దరే. కదళీపాకాన్ని కంఠస్థం చేసినవారికి కదళితో పరిచయం లేకపోవడం నన్ను కొంత బాధించింది. ఈ వ్యాసానికి అదే కారణం.

కాకతి ప్రతాపరుద్రుని ఆస్థానంలో విద్యానాథుడు రచించిన ప్రతాపరుద్రీయం ద్రాక్షా నారికేళ పాకాలను నిర్వచించింది. తెలుగువారి వాడుకలో ఆ రెంటి నడుమ కదళి చేరింది. ‘పాకం’ అనే మాటకు వంట అనీ, పక్వమవడం అనీ కూడ అర్థాలున్నాయి. అరటి విషయంలో ఈ రెండర్థాలూ అక్షరాలా నిజం. మన ఉర్దూ విభాగపు మిత్రులు వాడే ‘కేలా’ కూడ ఈ ‘కదళి’ వంశంలోనిదే. అరబ్బీలో దీని పేరు ‘మౌజ్’. లిన్నేయస్ 1753లో ప్రకటించిన ‘మ్యూసా’ అనే శాస్త్రీయ నామానికి మూలం ఆ అరబ్బీ మాటే.

ప్రత్తిపాడు నల్లరేగడి ప్రత్తికీ మిరపకూ పుట్టిల్లు. అరటి మనకు కృష్ణా డెల్టానుండి, తెనాలి, కొల్లిపర వైపునుండి గెలలుగా వస్తుంది. అమృతపాణి, చక్కరకేళి, కర్పూరం పండుగా తినేవి. కూరకు శ్రేష్ఠమైనది బొంత అరటి. దాని కాయ లావుగా, పలకలు తేలి, తొక్క దళసరిగా ఉంటుంది. పచ్చికాయ గుజ్జులో సుమారు నూటికి 20 పాళ్ళు పిండి పదార్థం. మగ్గేకొలదీ అది చక్కెరగా మారి, బాగా పండిన పండులో ఒకటి రెండు పాళ్ళే మిగులుతుంది. కనుకనే కాయ వండి తినవలసినది, పండు ఒలిచి తినవలసినది. మధుమేహం ఉన్నవారికి పండిన పండు కంటె దోరపండు కొంత మేలు. మూత్రపిండాల వ్యాధి ఉన్నవారు మాత్రం కాయైనా పండైనా వైద్యుని అడిగి తినాలి. అరటిలో పొటాషియం అధికం.

విద్యార్థిదశలో, అద్దె గదిలో, నేను మొదటిసారి అరటికాయ వండినప్పుడు ముక్కలు కోసి అలాగే వదలి స్నానానికి వెళ్ళాను. వచ్చి చూస్తే నల్లబడి ఉన్నాయి. ఆపై ఇనుప మూకుడులో వేయించాను. బొగ్గుకూ వాటికీ భేదం తెలియలేదు. కాయలోని వగరు పదార్థాలు గాలి తగిలితే నల్లబడతాయి, ఇనుము తగిలితే మరింత నలుపెక్కుతాయి. మన ఇళ్ళలో స్త్రీలు ముక్కలను మజ్జిగ కలిపిన నీళ్ళలో వేయడం ఇందుకే. ఆ పులుపు నలుపును అడ్డుకుంటుంది. జిగురు అంటకుండా చేతులకూ కత్తిపీటకూ ముందుగా నూనె రాయాలి.

అరటికాయకు పరమార్థం ఆవ పెట్టిన కూర. రెండు కాయలు చెక్కు తీసి, ముక్కలు కోసి, పసుపు, ఉప్పు, పలుచని చింతపండు పులుసు వేసి ఉడికించాలి. ముక్క మెత్తబడాలి గాని చెదరరాదు. నీరు వార్చి, శనగపప్పు, మినపప్పు, ఇంగువ, కరివేపాకు, పచ్చిమిరప తాళింపులో కలపాలి. ఒక చెంచా ఆవాలు, రెండు ఎండుమిరపకాయలు చన్నీళ్ళతో నూరి ఉంచుకోవాలి. కూర పొయ్యి దించి, వేడి కొంత తగ్గిన తరువాతనే ఆ ముద్ద కలపాలి. ఆవఘాటు నీళ్ళతో నూరినప్పుడే పుడుతుంది, మంటమీద నశిస్తుంది. చాలామంది ఇక్కడే తొందరపడతారు. గుంటూరు మిరపకు చేయి అలవాటు పడినవారు ఆవను మిరపతో ముంచివేయకుండా ఉంటే చాలు.

మా అమ్మగారు ఉడికిన కాయను మెదిపి, వేయించిన శనగపప్పు పొడి, అల్లం, పచ్చిమిరప, కొత్తిమీర కలిపి బిళ్ళలుగా తట్టి పెనంమీద కాల్చేవారు. మాంసం లేని రోజు కబాబు మాకు అదే. మాంసం కాదని పసిగట్టలేని బంధువులను నేనెరుగుదును.

దూట సంగతి చెప్పకపోతే నా తరగతికి న్యాయం జరగదు. గెల కోసిన చెట్టు మరి కాయదు; బోదె నరికి దొప్పలు ఒలిస్తే లోపల తెల్లని దూట ఉంటుంది. చక్రాలుగా కోస్తూ, మధ్య సాగే నారను వేలికి చుట్టి తీసివేయాలి. తరిగి, మజ్జిగ నీళ్ళలో వేసి, ఉడికించి, పెరుగుపచ్చడి చేసుకుంటారు. అరటిపువ్వు పని ఇంకా ఓపికతో కూడినది. ప్రతి చిన్న పువ్వులోనూ గట్టిపుల్లనూ, పొరవంటి చిన్న రేకునూ తీయాలి. పెసరపప్పుతో వండితే ఆ శ్రమ సార్థకమవుతుంది.

ఇక రెండవ పాకం, మగ్గవేయడం. పూర్వం గెలలను మూసిన గదిలో పేర్చి పొగ పెట్టేవారు. ఆ పొగలో ఇథిలీన్ వాయువు కొంత ఉంటుంది. పండ్లు తమంతట తాము విడుదల చేసేదీ అదే. కాల్షియం కార్బైడుతో మగ్గవేయడం నిషిద్ధం. 2011 నాటి ఆహార భద్రతా నిబంధనలు కూడ దానిని స్పష్టంగా నిషేధించాయి. ఆ కార్బైడులో ఆర్సెనిక్, భాస్వరం మలినాలు ఉండవచ్చు. ఇథిలీన్ వాయువును మాత్రం, పది లక్షల పాళ్ళకు 100 పాళ్ళు మించకుండా, 2016లో అనుమతించారు. ఇంట్లోనైతే అత్తాన్ని కాగితంలో చుట్టి బియ్యపు డబ్బాలో పెడితే చాలు. ఫ్రిజ్‌లో పెడితే పచ్చికాయ సరిగా మగ్గదు; పండు తొక్క నల్లబడుతుంది. అయినా లోపలి గుజ్జు చాలవరకు బాగానే ఉంటుంది. ఒలిచి చూచిన తరువాతనే పారవేయండి.