పిల్లాడితో పాటు ఇల్లూ నిలబడాలి

ఏడేళ్ల బాబుకు చొక్కా గుండీలు పెట్టుకోవడం నేర్పాలి. చేతులకు సరిగా పట్టు చిక్కదు, చెప్పింది అర్థం కావడానికి సమయం పడుతుంది. స్పెషల్ టీచర్ వాళ్లమ్మకు ఓ కిటుకు చెబుతారు. గుండీలన్నీ అమ్మే పెట్టాలి. చివరి గుండీని మాత్రం సగం దాకా కాజాలోకి దూర్చి ఆగాలి. మిగతా సగం లాగడం బాబు పని. లాగితే చాలు, పని పూర్తి చేసింది వాడే! ‘శభాష్’ అన్న మాట వెంటనే వినబడాలి. అది అలవాటయ్యాక ఆ గుండీ మొత్తం వాడికే వదలాలి. తర్వాత దానిపై గుండీ. ఈ పద్ధతి పేరు బ్యాక్‌వర్డ్ చెయినింగ్.

టీచర్ వారానికి ఒకటి రెండు గంటలే ఉంటారు. రోజూ చొక్కా తొడిగేది అమ్మ. అందుకే ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, డౌన్ సిండ్రోమ్, మేధో వైకల్యం ఉన్న పిల్లలతో పనిచేయాలనుకునేవారు ముందుగా గుర్తుంచుకోవాల్సింది ఇదే: మీరు నేర్పేది పిల్లలకే కాదు, ఇంటికి కూడా. సామర్లకోట లాంటి ఊళ్లలో చదువుకుంటున్నవారికి ఇది సొంత ప్రాంతంలోనే చేయదగ్గ మంచి వృత్తి.

ఎక్కడెక్కడ అవకాశాలు?

ఆంధ్రప్రదేశ్‌లో సమగ్ర శిక్ష కింద మండలాల్లో ప్రత్యేక అవసరాల పిల్లల కోసం భవిత కేంద్రాలు నడుస్తున్నాయి. అక్కడ పనిచేసే రిసోర్స్ టీచర్లను అందరూ ఐఈఆర్‌పీలు అంటారు. బడికి రాలేని పిల్లలకు ఇంటికే వెళ్లి చెప్పడమూ వీరి పనే. ఈ కొలువులు ఎక్కువగా కాంట్రాక్టువే. అయితే రెగ్యులర్ దారీ తెరుచుకుంటోంది. ప్రత్యేక అవసరాల పిల్లలకు తగినంతమంది టీచర్లు ఉండాలని సుప్రీంకోర్టు 2021లో స్పష్టం చేసింది. రాష్ట్ర ప్రభుత్వం 2025లో 2,260 స్పెషల్ ఎడ్యుకేషన్ టీచర్ పోస్టులు మంజూరు చేసింది.

2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం పుట్టినప్పటి నుంచి 18 ఏళ్ల వరకు పిల్లలను పరీక్షిస్తుంది. ఎదుగుదలలో తేడా కనిపిస్తే జిల్లా స్థాయి సత్వర చికిత్స కేంద్రాలకు పంపుతుంది. వాటిలో ఫిజియోథెరపిస్టు, స్పీచ్ థెరపిస్టు, సైకాలజిస్టు, స్పెషల్ ఎడ్యుకేటర్, సోషల్ వర్కర్ల అవసరం ఉంటుంది. స్వచ్ఛంద సంస్థలు, ప్రైవేటు థెరపీ సెంటర్లు, బడులు వీటికి అదనం.

ఏం చదవాలి?

- ఇంటర్ తర్వాత: రెండేళ్ల డీఈడీ స్పెషల్ ఎడ్యుకేషన్. పసిపిల్లల వైపు వెళ్లాలంటే ఎర్లీ చైల్డ్‌హుడ్ స్పెషల్ ఎడ్యుకేషన్ డిప్లొమా.
- ఇంటర్ బైపీసీ వారికి: ఫిజియోథెరపీ, ఆక్యుపేషనల్ థెరపీ, మాట-వినికిడికి సంబంధించిన బీఏఎస్ఎల్‌పీ డిగ్రీలు.
- డిగ్రీ తర్వాత: బీఈడీ స్పెషల్ ఎడ్యుకేషన్, సైకాలజీ లేదా సోషల్ వర్క్‌లో పీజీ.
- ఊళ్లో కుటుంబాల మధ్యే పనిచేయాలనుకుంటే: 2021లో మొదలైన ఆరు నెలల సీబీఐడీ (కమ్యూనిటీ బేస్డ్ ఇన్‌క్లూజివ్ డెవలప్‌మెంట్) కోర్సు.

సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లోని ఎన్ఐఈపీఐడీ ఈ రంగంలో మన దగ్గరున్న పెద్ద జాతీయ సంస్థ. 1984లో ఏర్పాటైంది. సామర్లకోట జంక్షన్‌లో రాత్రి రైలెక్కితే తెల్లారేసరికి అక్కడుంటారు. స్పెషల్ ఎడ్యుకేషన్, బీఏఎస్ఎల్‌పీ వంటి పునరావాస కోర్సుల్లో ఎక్కడ చేరినా భారత పునరావాస మండలి (ఆర్‌సీఐ) గుర్తింపు ఉందో లేదో ఫీజు కట్టకముందే చూసుకోండి. చదువయ్యాక ఆర్‌సీఐ రిజిస్ట్రేషన్ నంబరు తీసుకోవాలి. అది లేకుండా స్పెషల్ ఎడ్యుకేటర్‌గా ప్రాక్టీస్ చేయడం 1992 నాటి చట్టానికి విరుద్ధం.

సర్టిఫికెట్‌లో రాయని నైపుణ్యం

బాబుకు మాటలు రాకపోతే వాళ్లమ్మ వినేది రెండు రకాల మాటలు. ‘మగపిల్లలకు ఆలస్యంగానే వస్తాయిలే’ అని కొందరు, ‘నువ్వే గారం చేసి పాడుచేశావు’ అని ఇంకొందరు. మొదటి మాటతో విలువైన ఏళ్లు పోతాయి. రెండో మాటతో ఆ తల్లి గుండె పోతుంది. ఆ ఇంటికి వెళ్లినప్పుడు సలహా చెప్పడానికి తొందరపడకండి. ముందు వినండి. నానమ్మనూ, అక్కనూ, తమ్ముణ్ణీ కూర్చోబెట్టి మాట్లాడండి. బాబు పనిలో వాళ్లకూ వాటా ఇవ్వండి. అప్పుడే అమ్మకు కాసేపు ఊపిరి పీల్చుకునే సమయం దొరుకుతుంది.

కాగితాల పని కూడా సాయమే. వికలాంగుల హక్కుల చట్టం 2016 గుర్తించిన 21 రకాల వైకల్యాల్లో ఆటిజం, మేధో వైకల్యం ఉన్నాయి. వైకల్యాన్ని ధ్రువీకరించే సదరం సర్టిఫికెట్‌కు స్లాట్ ఎలా తీసుకోవాలి, పింఛను ఎలా వస్తుంది, నేషనల్ ట్రస్ట్ వారి నిరామయ బీమాతో ఏడాదికి లక్ష రూపాయల వరకు వైద్య ఖర్చులు ఎలా పొందాలి అన్నవి మీకు కరతలామలకం కావాలి. కూలి పని మానుకుని ఆఫీసుల చుట్టూ తిరిగే తండ్రికి మీరు ఒక్కరోజు తిరుగుడు తప్పించినా అది ఆ ఇంటికి ఒక పూట అన్నం.

ఈ సెలవుల్లోనే మొదలుపెట్టండి

కోర్సులో చేరకముందే మీ మండలంలోని భవిత కేంద్రానికి వెళ్లి, అనుమతి తీసుకుని వారం రోజులు కూర్చోండి. ఒకే పని నలభైసార్లు చెప్పాల్సి వచ్చినా మీ గొంతు మెత్తగానే ఉంటోందా? పిల్లాడి చిన్న గెలుపు మీకు నిజంగా సంతోషమిస్తోందా? అవునంటే ఈ రంగం మీదే.

అక్కడ ఏ తల్లితో కాసేపు మాట్లాడినా ఒక ప్రశ్న ఎదురవుతుంది: ‘మా తర్వాత వీణ్ణి ఎవరు చూస్తారమ్మా?’ పద్దెనిమిదేళ్లు నిండాక చట్టబద్ధ సంరక్షకుణ్ణి నియమించే స్థానిక కమిటీ కలెక్టర్ అధ్యక్షతన ఉంటుందని ఆమెకు చెప్పండి. దరఖాస్తు నింపడంలో పక్కన కూర్చోండి. ఆ తర్వాత బాబు దగ్గరకు వెళ్లి, రెండో గుండీ దగ్గర మళ్లీ మొదలుపెట్టండి. వాడు సొంతంగా పెట్టుకునే ఒక్కో గుండీతో ఆ తల్లి ప్రశ్న బరువు కొంచెం కొంచెంగా తగ్గుతుంది.