బయటి సలహాదారును పెట్టుకునే ముందు: దాతలు తెలుసుకోవలసిన సంగతులు



చందాల కోసం దాతల ఇళ్లకు, దుకాణాలకు వెళ్లినప్పుడు ఈ మధ్య మమ్మల్ని ఒక మాట అడుగుతున్నారు. "మేమిచ్చేది పేదలకు. అందులోంచి ఎక్కడివాడికో కన్సల్టెంట్ ఫీజు ఎందుకు కట్టాలి? కమిటీలో చదువుకున్నవాళ్లు లేరా?" అడగవలసిన ప్రశ్నే ఇది. ఆడపిల్లల చదువు పథకానికి ఒక స్వతంత్ర సలహాదారును తీసుకోవాలనే ప్రతిపాదన కమిటీ ముందుంది కాబట్టి మా ఆలోచనను వివరంగా మీ ముందు పెడుతున్నాం.

స్వతంత్ర సలహాదారు మన జీతగాడు కాదు, కాంట్రాక్టరూ కాదు. మనకు సామాను అమ్మేవాడు అసలే కాదు. ఒక నిర్దిష్టమైన పనికి, ఒక గడువుకు, మాట్లాడుకున్న రుసుముకు వచ్చి, చూసి, రాసిచ్చి వెళ్లేవారు. మన గద్వాల వాళ్లకు ఇది కొత్త సంగతి కాదు. జకార్డు మగ్గానికి డిజైను గీసేవారు గ్రాఫు కాగితం మీద గీసి ఇస్తారు, దాని ప్రకారం అట్టలు కొట్టిస్తారు. గీసినందుకు డబ్బు తీసుకుంటారు. చీర నేసేది మాత్రం మగ్గం ముందు కూర్చున్న నేతన్నే.

మన చరిత్రలోనే దీనికి పెద్ద ఉదాహరణ ఉంది. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి హైదరాబాదును ముంచెత్తింది. సుమారు 15 వేల మంది చనిపోయారని అంచనా. 2009 అక్టోబరులో కృష్ణా, తుంగభద్రలు ఒకేసారి పొంగి అలంపూరు మునిగినప్పుడు మన ప్రాంతం చూసిన దానిని బట్టి, అప్పటి హైదరాబాదు పరిస్థితిని ఊహించుకోవచ్చు. ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ ప్రభుత్వం, బొంబాయి ప్రభుత్వ కొలువు నుంచి తప్పుకుని విదేశ యాత్రలో ఉన్న ఇంజినీరు మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. ఆయన 1909 ఏప్రిల్‌లో వచ్చారు. అక్టోబరు 1న నివేదిక ఇచ్చారు. నవంబరులో మైసూరు చీఫ్ ఇంజినీరుగా వెళ్లిపోయారు. మొత్తం ఏడు నెలల లోపే.

ఆ ఏడు నెలల్లో ఏం జరిగిందో చూడండి. నగరంలో గోడ కట్టాలా, నది లోతు పెంచాలా అనే చర్చతో ఆయన మొదలుపెట్టలేదు. నీళ్లు ఎక్కడి నుంచి వచ్చాయని చూశారు. ఎగువన మూసీ, ఈసీ పరీవాహకంలో వందల చెరువులున్నాయి. వాటిలో 200కు పైగా ఒకదాని వెంట ఒకటి తెగాయి. వాన లెక్కలు, చెరువుల లెక్కలు, నది కొలతలు అన్నీ తీయించి, నగరానికి ఎగువనే వరదను ఆపే రెండు జలాశయాలు కట్టాలని తేల్చారు. అవే గండిపేటగా మనం పిలిచే ఉస్మాన్ సాగర్, దాని పక్క నది మీది హిమాయత్ సాగర్.

కట్టింది ఆయన కాదు. 1911లో నిజాం మారారు. 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు ఏర్పడింది. ఉస్మాన్ సాగర్ 1920లో, హిమాయత్ సాగర్ 1927లో పూర్తయ్యాయి. నివేదిక ఇచ్చిన తరువాత ఒకదానికి 11 ఏళ్లు, ఇంకోదానికి 18 ఏళ్లు పట్టింది. అన్నేళ్లు డబ్బు కేటాయించింది, మనుషుల్ని పెట్టింది, లెక్క చూసింది ఇక్కడి ప్రభుత్వం, ఇక్కడి ఇంజినీర్లు. ఆ కాలంలోనే నవాబ్ అలీ నవాజ్ జంగ్ వంటి మన ఇంజినీర్లు ఎదిగి, నిజాం సాగర్ వంటి పనులు చేశారు. సలహాదారు ఉన్నన్నాళ్లు పని సాగి, ఆయన వెళ్లగానే ఆగిపోతే ఆ నివేదిక బీరువాలో కాగితమయ్యేది. దాతలు మమ్మల్ని మొదట అడగవలసింది ఇదే: నివేదిక వచ్చాక దాన్ని మోసేది ఎవరు? పేరు చెప్పండి అని.

ఇక మన పథకం సంగతి. ఆడపిల్లలు ఎనిమిదో తరగతి, తొమ్మిదో తరగతి దగ్గర బడి మానేస్తున్నారు కాబట్టి ఫీజులు, పుస్తకాలు ఇద్దామన్నది కమిటీ ఆలోచన. మంచి ఆలోచనే. కానీ మానేయడానికి కారణం ఫీజేనా? మన వైపు సీడు పత్తి పండించే ఊళ్లలో క్రాసింగు రోజులొస్తే పిల్లల చేతులకు ఎంత గిరాకీయో మీకు తెలుసు. సర్కారు బడిలో ఫీజు లేకపోయినా ఆ రోజుల్లో తరగతి ఖాళీ అవుతుంది. కొన్ని ఇళ్లలో బడి దూరం అడ్డం, కొన్ని ఇళ్లలో తమ్ముణ్ని చూసుకునే పని అడ్డం. జనవరిలో వచ్చి హాజరు పుస్తకం చూసి వెళ్లే సలహాదారుకు ఇవేవీ కనబడవు. పత్తి చేలల్లో పని ఉన్నప్పుడు ఒకసారి, లేనప్పుడు ఒకసారి రావాలి. గద్వాల పట్టణంలోనే కూర్చోకుండా అయిజ, మల్దకల్, ధరూరు వైపు ఊళ్లు తిరగాలి. ఇళ్లలో తల్లులతో మాట్లాడాలంటే తెలుగుతో పాటు మన దక్కనీ కూడా వచ్చిన ఒక మహిళ వెంట ఉండాలి. ఇవన్నీ ఒప్పందంలో రాయించాలన్నది మా పట్టుదల. కారణం తప్పుగా పట్టుకుంటే మీ డబ్బు న్యాయంగానే ఖర్చవుతుంది, పిల్ల మాత్రం బడికి రాదు.

కమిటీలో చదువుకున్నవాళ్లు లేరా అన్నదానికి జవాబు: ఉన్నారు. కానీ వ్యాపారం, ఉద్యోగం చూసుకుని సాయంత్రం ఇషా నమాజు తరువాత గంటసేపు కూర్చునేవాళ్లు పది ఊళ్లు తిరిగి లెక్కలు తీయలేరు. మరొకటి కూడా ఉంది. అధ్యక్షుల వారు ముచ్చటపడిన పథకం నడవదని కమిటీలో చెప్పడం ఎవరికైనా కష్టం. బయటివారికి ఆ మొహమాటం ఉండదు.

మతపరంగా సందేహపడేవారికి ఒక మాట. హిజ్రత్ సమయంలో దైవప్రవక్త (స), హజ్రత్ అబూబకర్ (ర) మదీనా దారి చూపించడానికి అబ్దుల్లాహ్ బిన్ ఉరైఖిత్ అనే మనిషిని కూలికి మాట్లాడుకున్నారు. ఆయన అప్పటికి ముస్లిం కాదు. దారి తెలిసినవాడు, నమ్మదగినవాడు. ఒంటెల్ని అతనికి అప్పగించి, మూడు రాత్రుల తరువాత సౌర్ గుహ దగ్గరికి తెమ్మన్నారు. అతను చెప్పిన వేళకు వచ్చాడు. పని, కూలి, రోజు, చోటు అన్నీ ముందే తేల్చుకున్న ఒప్పందమది. సలహాదారు మనవాడై ఉండాలనే పట్టింపు కంటే ఇవి ముఖ్యం.

అయితే డబ్బు ఏ సంచిలోంచి తీయాలన్నది వేరే విషయం. జకాతు ఎనిమిది వర్గాలకు చెందుతుందని సూరా తౌబా 60వ ఆయతు చెబుతోంది. అందులో జకాతు వసూలు, పంపిణీ చేసే ఆమిళ్లు కూడా ఉన్నారు. దీన్ని పట్టుకుని కన్సల్టెంట్ ఫీజు కూడా జకాతులోంచి ఇవ్వవచ్చని కొందరంటారు. ఆమిల్ అంటే పాలకుడు నియమించినవాడేనని, ప్రైవేటు సంస్థల వారికి అది వర్తించదని చాలామంది ఉలమాల మాట. పైగా చదువు పథకానికి సర్వే చేసేవారు జకాతు పంచేవారూ కారు. కాబట్టి మా అభిప్రాయం స్పష్టం: జకాతు, ఫిత్రా సొమ్ములోంచి ఒక్క రూపాయి కూడా ఫీజుకు పోకూడదు. సభ్యత్వ రుసుము, సాధారణ విరాళాల నుంచే ఇవ్వాలి. ఈ పనికే ప్రత్యేకంగా ఇస్తామనే దాత ఉంటే, ఆ మాట రసీదు మీద రాయించుకోవాలి.

ఫీజు విషయంలో ఇంకో జాగ్రత్త. "ముందు ఏమీ ఇవ్వకండి, నేను తెచ్చిన నిధుల్లో ఇంత శాతం ఇవ్వండి" అనేవారు వస్తారు. వినడానికి చవకగా ఉంటుంది. కానీ అప్పుడు ఆయన దృష్టి మన ఊరి పిల్ల మీద ఉండదు, పెద్ద అంకె మీద ఉంటుంది. ఏ కంపెనీకి ఏది నచ్చుతుందో ఆ పథకమే రాస్తారు. కట్టడం పనిలో సలహా ఇచ్చేవారే ఇటుక, సిమెంటు దుకాణం చూపించడం కూడా ఇలాంటిదే. నిర్ణీత రుసుమే మేలు. కొంత ముందు, చిత్తు నివేదిక కమిటీ చదివాక కొంత, మిగిలినది తుది నివేదిక చేతికి వచ్చాకే. ఇచ్చేది బ్యాంకు ద్వారా, బిల్లు మీద. 2025 ఏప్రిల్ నుంచి వృత్తి నిపుణులకిచ్చే రుసుము ఏడాదికి 50 వేల రూపాయలు దాటితే 10 శాతం పన్ను మినహాయించి కట్టాలి. ఆ లెక్క ఒప్పుకోనివారితో పని పెట్టుకోకపోవడమే మంచిది.

కాగితాల పని కోసం కూడా సంస్థలు సలహాదారులను తెచ్చుకుంటాయి. 2016 అక్టోబరు 11న పాత మహబూబ్‌నగర్ నుంచి గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు జిల్లాలు వేరయ్యాయి. అంతకు ముందు రిజిస్టరైన సంస్థలు పనిప్రాంతం, చిరునామా సరిచూసుకోవాలి. 2013 కంపెనీల చట్టం ప్రకారం పెద్ద కంపెనీలు సగటు నికర లాభంలో 2 శాతం సామాజిక పనులకు ఖర్చు చేయాలి. మనలాంటి సొసైటీ ఆ నిధులు అందుకోవాలంటే మూడేళ్ల పని అనుభవం, 12ఏ, 80జీ నమోదు, 2021 ఏప్రిల్ నుంచి సీఎస్‌ఆర్-1 నమోదు కావాలి. 2021-22 నుంచి దాతల వివరాలు 10బీడీ పత్రంలో ఆదాయపు పన్ను శాఖకు పంపి, మీకు 10బీఈ ధ్రువపత్రం ఇవ్వాలి. ఇవి తెలిసినవారు చేయవలసినవే.

ఇక్కడే కొన్ని సంస్థలు ఇబ్బంది పడటం మేం చూశాం. పోర్టల్‌లో సంస్థ పేరిట ఖాతా తెరిచేటప్పుడు సలహాదారు తన సొంత ఫోను నంబరు, తన ఈమెయిలు ఇస్తారు. దురుద్దేశం ఉండనక్కర్లేదు, ఓటీపీ కోసం ప్రతిసారీ ఫోను చేయనక్కర్లేదని. రెండేళ్లకు ఆయన వేరే ఊరు వెళ్లిపోతారు, లేదా ఫీజు దగ్గర మాట తేడా వస్తుంది. అప్పుడు సంస్థ తన ఖాతాలోకి తానే వెళ్లలేదు. అందుకని సొసైటీ పేరిట ఒక సిమ్, ఒక ఈమెయిలు విడిగా ఉండాలి. పాస్‌వర్డులు కార్యదర్శి, కోశాధికారి ఇద్దరి దగ్గరా ఉండాలి. సంతకపు డిజిటల్ కీ ఆఫీసు బీరువా దాటి పోకూడదు. సర్వే కాగితాలు, ఫొటోలు, లెక్కలు అన్నీ సొసైటీవేనని ఒప్పందంలో ఒక వాక్యం ఉండాలి. పేద ఇళ్ల వివరాలు అమానత్. వాటిని ఇంకో సంస్థకు చూపించే హక్కు సలహాదారుకు లేదని మరో వాక్యం.

సలహాదారుతో మాట్లాడేది కమిటీలో ఒక్కరే కావాలి. ఆరుగురు ఆరు రకాలుగా ఫోన్లు చేస్తే ఎంత మంచివారైనా ఏమీ తేల్చలేరు. నివేదిక ఇంగ్లీషులోనే ఉంటే సగంమంది తల ఊపి ఊరుకుంటారు. కాబట్టి సారాంశం తెలుగులో, ఉర్దూలో ఇచ్చి, సభలో చదివి వినిపించి, ప్రశ్నలకు జవాబు చెప్పేవరకూ పని పూర్తయినట్టు కాదు. నివేదికలో మనకు రుచించని మాట ఉంటే దాన్ని తీసేయమని అడిగే అధికారం మాత్రం కమిటీకి ఉండకూడదు. ఒప్పుకోకపోతే మన అభిప్రాయం పక్కన రాసుకుందాం.

ఒప్పందం చిత్తుప్రతి తెలుగు, ఉర్దూ రెండింటిలోనూ ఆఫీసులో పెడతాం. పని ఏమిటి, ఎన్నాళ్లు, ఎంత ఇస్తాం, ఏ ఖాతా నుంచి ఇస్తాం, నివేదిక తరువాత ఏడాదిపాటు బాధ్యత ఎవరిది అన్న ఐదు సంగతులూ అందులో ఉంటాయి. చదివి, అభ్యంతరాలుంటే షాబాన్ నెల ముగిసేలోగా రాసివ్వండి. రంజాన్‌లో వసూళ్లు మొదలయ్యాక ఈ చర్చకు తీరిక దొరకదు.