ఆత్మనిగ్రహము

మనుష్యుడు గుఱ్ఱమును కళ్లెముతోను, ఎద్దును ముకుత్రాటితోను అదుపులో నుంచుకొనగలడు. తన నాలుకను, తన కోపమును, తన చేతిని అదుపులో నుంచుటకు మాత్రము అంగడిలో కొనదగిన త్రాడేదియు లేదు. ఆ త్రాటిని ఎవరికి వారే తమలోపల పేనుకొనవలసియున్నది. దీనినే పెద్దలు ఆత్మనిగ్రహమనిరి. తెలుగు బైబిలులో గలతీయులకు వ్రాయబడిన పత్రికయందు దీనికి ఆశానిగ్రహమను మాట వాడబడినది. అచ్చటి గ్రీకు పదమునకు తన్ను తాను ఏలుకొను బలము కలిగియుండుట యని భావము. ఈ గుణమును గూర్చి మన విద్యార్థులకు కొంత వివరింప దలచితిమి.

కోపమే రానివాడు నిగ్రహవంతుడని కొందఱు తలంతురు. అది సరికాదు. మన సీమలోని చెరువును చూడుడు. కట్ట నీటిని నిలుపును. తూము ఆ నీటిని వలసినప్పుడు వలసినంత మడికి విడుచును. వాన మిక్కుటమైనచో మరవ పారి కట్టను కాపాడును. నీరే లేని చెరువును ఎవరును మంచి చెరువనరు. తూమును మరవయు లేని కట్ట మొదటి పెద్దవానకే తెగును. కోపము, దుఃఖము, భయము, ఆశ అనునవి మనలోని నీటివంటివి. వానిని ఎండగట్టుట నిగ్రహము కాదు. లోలోపల బిగబట్టి ఒకనాడు తెగిపడుటయు నిగ్రహము కాదు. అన్యాయమును చూచి పుట్టిన కోపమును తిట్టుగా గాక, తగినవారియొద్ద ధైర్యముగా చెప్పుకొను విన్నపముగా మార్చువాడు తూము ఎఱిగినవాడు.

ఈ గుణము మాటలలో గాక నడతలో ఎట్లుండునో తెలిసికొనుటకు మనము దూరదేశములకు పోనక్కఱలేదు. 2022వ సంవత్సరము వఱకు చిత్తూరు జిల్లాలో నుండిన మదనపల్లెకు సమీపమున ఆరోగ్యవరము గలదు. పలు మిషనులు ఏకమై 1912లో స్థాపించిన క్షయరోగుల శానిటోరియమే అది. డెన్మార్కు దేశస్థుడగు డాక్టరు ఫ్రిమోట్ మోలర్ దానికి మొదటి అధికారి. క్షయను కలిగించు క్రిమిని రాబర్టు కోక్ 1882లోనే కనిపెట్టెను గాని, 1943లో స్ట్రెప్టోమైసిన్ కనుగొనబడువఱకు దానిని శరీరములో అణచగల సమర్థమైన మందు లేకుండెను. అందుచేత ఆ కాలపు శానిటోరియములలో విశ్రాంతి, స్వచ్ఛమైన గాలి, మంచి ఆహారము, వీనితోబాటు కట్టుబాటు, ఇవియే చికిత్స.

ఆ కట్టుబాటు ఎట్టిదో ఆలోచింపుడు. రోగి నెలల తరబడి పడకపై నుండవలెను. లేచి నడచుటకు సహితము వైద్యుని అనుమతి కావలెను. ఉమ్మును కంటబడిన చోట వేయక, దానికై యుంచిన పాత్రలోనే వేయవలెను. దగ్గు వచ్చినప్పుడు నోటికి గుడ్డ అడ్డము పెట్టుకొనవలెను. అనవసరమైన దగ్గును ఆపుకొనుటకు సైతము అభ్యాసము చేయవలెను. జ్వరము తగ్గగానే రోగి మనస్సు ఇంటిమీదికి పోవును. పొలము, బిడ్డలు, తీరని అప్పు, అన్నియు తలపునకు వచ్చును. "నాకు నయమైనది, పోవుదును" అను ఆ తొందరయే పెక్కుమందికి వ్యాధికంటె గొప్ప శత్రువు. ఆ తొందరను గెలుచుట తనకొఱకు మాత్రమే కాదు, తన దగ్గు సోకగల పొరుగువాని కొఱకు కూడ.

అటుపిమ్మట మందులు వచ్చెను. క్షయరోగిని శానిటోరియములో నుంచక, ఇంటియొద్దనే మందులిచ్చి నయము చేయవచ్చునా యని తెలిసికొనుటకు 1956లో మదరాసున పరిశోధన ఆరంభమయ్యెను. బీదల యిరుకిండ్లలో నుండి మందులు తిన్నవారును దాదాపు శానిటోరియములోని వారివలెనే స్వస్థపడిరని 1959లో ప్రకటింపబడిన ఫలితములు చూపెను. ఇది లోకమంతటి క్షయచికిత్సను మార్చినది. నాడు కట్టడము చుట్టునున్న గోడ, గంట, నర్సుల కాపలా, వీని పనిలో పెద్దభాగము రోగి మనస్సునకు అప్పగింపబడెను.

నేడు సామాన్యమైన క్షయకు 6 నెలలు మందులు వాడుదురు. కొన్ని వారములకే దగ్గు తగ్గును, ఆకలి పుట్టును. అప్పుడే శోధన వచ్చును. మందు మానినచో మిగిలిన క్రిములు తిరిగి విజృంభించును. ఆ మందులకు లొంగనివిగా మారుటయు కలదు. దగ్గు ఉన్నప్పుడు మందు మింగుటకు భయమే చాలును. దగ్గు పోయిన తరువాత మింగుటకు నిగ్రహము కావలెను. అయినను మధ్యలో మానినవానిని నిందింపరాదు. కూలిపోవునను భయము, కడుపులో వికారము, ఒంటరితనము, ఇట్టివి బలవంతులనైనను క్రుంగదీయును. ప్రతిదినము "మందు వేసికొంటివా?" యని ప్రేమతో అడుగు తల్లియో అన్నయో యున్నచో త్రాటికి మఱియొక పేట కలిసినట్లగును.

విద్యార్థులారా, పాఠశాలయు ఒక విధముగా ఆ పాత శానిటోరియము వంటిదే. గంట మ్రోగిన లేచెదరు, వరుసలో నిలిచెదరు, ఉపాధ్యాయుడు చూచుచుండగా చదివెదరు. ఇది మంచిదే గాని, ఇంకను మీ సొత్తు కాదు. చూచువాడు లేనప్పుడు ఎంత మిగులునో అంతయే మీది. కావున చిన్నవానితో అభ్యసింపుడు. కోపము వచ్చినప్పుడు ప్రత్యుత్తరమును ఒక పూట ఆపుడు. ఆట మధ్యలో చదువువేళ యైనచో ఒకరు పిలువకయే లేచి రండు. ఇతరుల రహస్యము నాలుక చివరకు వచ్చినప్పుడు మ్రింగివేయుడు. ఒకనాడు తప్పినచో మఱునాడు మరల పట్టుకొనుడు. ఒక దినము మందు మఱచినవానికి వైద్యుడు చెప్పునదియు ఇదియే.

తలిదండ్రులకును ఒక మనవి. కోపముతో బిడ్డను కొట్టుచు, కోపపడకుమని బోధించినచో బిడ్డ దెబ్బను నేర్చుకొనునే గాని మాటను నేర్చుకొనడు. ఇంటిలో పెద్దలు తమ్మును తాము ఆపుకొనుట కన్నులార చూచిన పిల్లవానికి ఈ పాఠము సగము వచ్చినట్లే.

పై తరగతి ముగించి ఈ యేడు వెలుపలికి పోవువారికి ఇక మా గంట వినబడదు. వేళకు లేచుట, మాట నిలుపుకొనుట, చేయి ఆపుకొనుట ఇక మీమీదనే యున్నవి. ఆ పని మీరు చక్కగా చేయుదురని నమ్మియే మేము మిమ్మును పంపుచున్నాము.