ట్రాక్టరు హైడ్రాలిక్ వ్యవస్థకు బ్యాక్‌హో అనుసంధానం: ఎంపిక, క్రమం, జాగ్రత్తలు

జోగులాంబ గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాలలో జూరాల, నెట్టెంపాడు, కల్వకుర్తి పథకాల ఆయకట్టులో పిల్లకాలువల పూడికతీత, పైపులైన్ల కందకాలు, కొల్లాపూర్ ప్రాంతంలో మామిడి గుంతలు వంటి చిన్న తవ్వకపు పనులు తరచుగా ఉంటాయి. వీటికి ప్రతిసారీ జేసీబీని అద్దెకు తెచ్చే బదులు, ఉన్న ట్రాక్టరు వెనుక బ్యాక్‌హో అమర్చుకోవచ్చు. అయితే గొట్టాల అనుసంధానంలో లోపం జరిగితే పంపు, వాల్వులతో పాటు మనిషికీ ముప్పు వాటిల్లుతుంది.

వాల్వు రకం: గేర్ పంపు గల ట్రాక్టర్లలో, పని లేనప్పుడు కూడా ఆయిలు వాల్వు మధ్య మార్గం గుండా తిరిగి ట్యాంకుకు చేరుతుంది. దీనిని ఓపెన్ సెంటర్ పద్ధతి అంటారు. బ్యాక్‌హో వాల్వు కూడా ఇదే రకానిదై ఉండాలి. క్లోజ్డ్ సెంటర్ వాల్వు అమరిస్తే దారి మూసుకుపోయి, ఆయిలు అంతా రిలీఫ్ వాల్వు గుండా పోతుంది. నిమిషానికి 40 లీటర్లు, 150 బార్ పీడనం వద్ద ఈ నష్టం 40×150÷600, అనగా 10 కిలోవాట్లు. ఆ శక్తి అంతా ఆయిలును వేడెక్కిస్తుంది.

అనుసంధాన పద్ధతులు మూడు:

1. ట్రాక్టరు అదనపు వాల్వు కప్లర్ల ద్వారా. ఇది సులభం. ఒత్తిడి గొట్టం, తిరుగు గొట్టం తారుమారైతే బ్యాక్‌హో వాల్వు తిరుగు ద్వారంపై పూర్తి పీడనం పడి అది పగలవచ్చు. తిరుగు గొట్టాన్ని నేరుగా ట్యాంకుకు కలపడం మేలు.

2. పవర్ బియాండ్ పద్ధతి. ఆయిలు ముందు బ్యాక్‌హోకు, ఆపై లిఫ్టుకు వెళ్తుంది. ఇందుకు ఒత్తిడి, తిరుగు, లిఫ్టుకు వెళ్లే మార్గం అనే మూడు గొట్టాలు, ప్రత్యేక స్లీవ్, సొంత రిలీఫ్ వాల్వు తప్పనిసరి.

3. పీటీఓపై నడిచే ప్రత్యేక పంపు, ట్యాంకు. ఖర్చు ఎక్కువ. కానీ అనేక ట్రాక్టర్లలో గేర్లకు, హైడ్రాలిక్‌కు ఆయిలు ఒక్కటే కనుక, చల్క నేలల దుమ్ము కప్లర్ల ద్వారా గేర్‌పెట్టెకు చేరకుండా ఈ పద్ధతి కాపాడుతుంది.

అమర్చే క్రమం: ముందుగా బ్యాక్‌హోను ట్రాక్టరు చాసిస్‌కు సబ్‌ఫ్రేముతో బిగించాలి. కేవలం మూడు బిందువుల లంకెకు తగిలిస్తే తవ్వకపు బలానికి పరికరం పైకి లేచి చోదకుని నలిపివేసే ప్రమాదం ఉంది. బకెట్‌ను నేలకు ఆనించి, ఇంజను ఆపి, లీవర్లను అటూ ఇటూ కదిపి మిగిలిన పీడనాన్ని తొలగించాలి. కప్లర్లను శుభ్రపరచి కలపాలి. తక్కువ వేగంతో నడిపి సిలిండర్లలో గాలి పోయాక ఆయిలు మట్టాన్ని మరల చూసి, తగ్గినంత నింపాలి. ఇంజను నడుస్తుండగా కప్లర్లను విడదీయరాదు.

కారుతున్న చోటును చేతితో తడిమి చూడరాదు. సూది రంధ్రం నుండి చిమ్మే ఆయిలు చర్మంలోకి చొచ్చుకుపోతుంది. గాయం చిన్నగా కనిపించినా అది అత్యవసర వైద్యం కావలసిన స్థితి. అట్టముక్కతో పరీక్షించాలి.

క్షేత్ర ప్రదర్శనలలో విస్తరణ శాస్త్రవేత్తలు బకెట్ పరిమాణం కన్నా ముందు పంపు ప్రవాహం, రిలీఫ్ పీడనం, తిరుగు మార్గం అనే మూడు అంశాలను రైతుతో సరిచూపించాలి. ఈ మూడూ పరికరానికి సరిపోలిన తరువాతనే కొనుగోలును సిఫారసు చేయడం యుక్తం.