కాకి తన్నిందని గూడు తీయించకు

చిరంజీవి అమ్మలుకి, ఏలూరు నుంచి తాతయ్య ఆశీస్సులు.

డాబా ఎక్కితే కాకి వచ్చి తల మీద తన్నిందని రాశావు. శని పట్టుకుందేమోనని మీ నాయనమ్మగారు నీచేత తలస్నానం చేయించి, శివాలయంలో నువ్వుల నూనె దీపం పెట్టించారట. ఆవిడ మనసు కుదుటపడితే మంచిదే. కానీ ఆ కాకి రావడానికి కారణం నీ జాతకంలో లేదమ్మా, మీ పెరటి వేపచెట్టులో ఉంది.

ఎండాకాలం కాకులు గూళ్ళు కట్టే కాలం. కొమ్మల మధ్య వెతుకు. పుల్లలూ, ఇనప తీగ ముక్కలూ కలిపి అల్లిన గూడు కనిపిస్తుంది. దూరం నుంచే చూడు, అటే చూస్తూ నిలబడిపోకు. గుడ్లు పొదగడానికి పదహారు, పదిహేడు రోజులు పడుతుంది. పిల్లలు గూడు దాటడానికి మరో మూడు, నాలుగు వారాలు. రెక్కలొచ్చీ రాని పిల్ల కొమ్మ మీదికో నేల మీదికో దిగిన రోజుల్లో తల్లీ తండ్రీ మరీ రెచ్చిపోతాయి. ఆ గూట్లో ఉన్నవన్నీ కాకి పిల్లలే కాకపోవచ్చు కూడా. కోయిల గుడ్డు పెట్టేది కాకి గూట్లోనే కదా! మీ నాన్నగారు ఆ కొమ్మ కొట్టిస్తే కోయిల పిల్ల కూడా పోవచ్చు.

ఈ నెలన్నర గొడుగు వేసుకుని డాబా ఎక్కు. కాకి సాధారణంగా వెనక నుంచే వస్తుంది. దానివైపు ముఖం తిప్పి మెల్లగా నడిస్తే చాలావరకు పక్కకు తప్పుకుంటుంది. పరుగెత్తొద్దు. మెట్ల మీద జారిపడితే తగిలే దెబ్బ ముందు కాకి గోరు లెక్కలోది కాదు. వీలైతే బట్టలు వరండాలో ఆరేసుకోండి. గోరు గీరుకుంటే సబ్బుతో బాగా కడిగి, చర్మం చీరితే డాక్టరుకు చూపించి టీటీ ఇంజెక్షన్ సంగతి అడుగు. పక్షుల వల్ల రేబిస్ రాదు, ఆ భయం పెట్టుకోకు.

పిల్ల కింద పడి ఉంటే ఇంట్లోకి తెచ్చి పెంచాలని చూడకు. హెల్మెట్ పెట్టుకుని, చిన్న బుట్టలో దాన్ని ఉంచి, ఆ చెట్టుకే అందినంత ఎత్తులో కట్టి వచ్చేయి. మనిషి చెయ్యి తగిలితే తల్లి వదిలేస్తుందనే మాట నిజం కాదు. అదే వచ్చి మేత పెడుతుంది.

రాయి మాత్రం విసరొద్దు. అమెరికాలోని సియాటిల్‌లో జాన్ మార్జ్‌లఫ్ అనే శాస్త్రవేత్త 2006లో ఆదిమానవుడి ముఖం ఉన్న మాస్కు వేసుకుని కొన్ని కాకుల్ని పట్టి వదిలేశారు. తరవాత ఏళ్ళ తరబడి ఆ మాస్కు కనపడితే చాలు, కాకులు వెంటపడి అరిచాయి. అసలు పట్టుబడని కాకులు కూడా తోటివాటిని చూసి ఆ ముఖాన్ని గుర్తుపెట్టుకున్నాయి. అది అక్కడి జాతి. మన ఊర కాకి దానికి దగ్గరి చుట్టం.

చట్టం సంగతి కూడా మీ నాన్నగారికి చెప్పు. 1972 వన్యప్రాణి చట్టంలో కాకి చాలాకాలం హాని చేసే జంతువుల జాబితాలో ఉండేది. 2022 సవరణ ఆ జాబితానే తీసేసింది. ఇక మన కొల్లేరు సరస్సు చూడు. 1999లో 308 చదరపు కిలోమీటర్లు అభయారణ్యమైంది, 2002లో చిత్తడి నేలలకిచ్చే అంతర్జాతీయ రామ్సర్ గుర్తింపు వచ్చింది. అక్కడి ఆటపాకలో గూడబాతులకు చెట్లు చాలకపోతే అటవీశాఖ ఇనుప స్టాండ్లు నిలబెట్టి మరీ గూళ్ళకు చోటిచ్చింది. మనం ఒక్క వేపకొమ్మను నెలన్నర వదల్లేమా?

సెలవుల్లో కైకలూరు వైపు చెరువు గట్ల మీద నడిచేటప్పుడు తీతువు గోల పెడుతూ నీ మీదికి దూకినట్టు వస్తుంది. దాని కూత చావుకు సూచన అంటారు పల్లెల్లో. నేనది నమ్మను. అది నేల మీద, రాళ్ళలో రాయిలా కలిసిపోయే రంగులో నాలుగు గుడ్లు పెడుతుంది. కొత్తగా ఒక్క అడుగు ముందుకు వేసినా అవి నీ కాలి కింద పడొచ్చు. వచ్చిన అడుగుల్లోనే వెనక్కి తిరుగు.

గద్ద సంగతి వేరు. చేపల బజార్లో గద్ద దిగేది ఎక్కువగా తిండి కోసం. గూడు దగ్గర దాడి చేసే గద్దలూ ఉన్నాయి. ఢిల్లీలో నిశాంత్ కుమార్ బృందం ఈ విషయం పరిశీలించి 2019లో ప్రకటించింది. చెత్తా చెదారం దండిగా ఉన్నచోట, జనం మాంసం ముక్కలు ఎగరేసేచోట గూడు కట్టిన గద్దలే మనుషుల మీదికి ఎక్కువగా వస్తున్నాయని తేలింది. కాబట్టి ఆ దాడిలో మన చేతి పని కొంత ఉంది. చేపలు కొన్నప్పుడు మూత ఉన్న గిన్నె పట్టుకెళ్ళు. ముక్కల సంచి చేతికి తగిలించుకుని ఊపుకుంటూ రావద్దు. పొలుసూ పేగులూ వీధిలో పారేయకుండా పెరట్లో గొయ్యి తీసి కప్పెట్టండి, ఇరుగుపొరుగు వాళ్ళచేత కూడా అలాగే చేయించండి.

ఇట్లు,
మీ తాతయ్య