పోలియో చుక్కల ఆదివారాలు తగ్గాయి – ఇక మన పని ఏమిటి?

 

ఆదివారం నాడు బడి దగ్గర బల్ల వేసుకుని, ఐసు పెట్టెలోంచి సీసా తీసి, పిల్లల నోట్లో రెండు చుక్కలు వేసి, ఎడమ చేతి చిటికెన వేలికి సిరా గుర్తు పెట్టడం మనకు తెలిసిందే. రాని పిల్లల కోసం మర్నాడు ఇల్లిల్లూ తిరుగుతారు. మన దేశమంతటా ఈ పల్స్ పోలియో 1995లో మొదలయింది. ఇప్పుడు దేశమంతటా ఒకేసారి వేసే రౌండ్లు తగ్గాయి. కొన్ని రౌండ్లు కొన్ని రాష్ట్రాల్లో, కొన్ని జిల్లాల్లో మాత్రమే జరుగుతున్నాయి. "జబ్బు పోయింది కదా, ఇంక మందెందుకు?" అని గూడెంలో అడిగితే మనం ఏం చెప్పాలి? అది తెలుసుకుందాం.

<b>ఎందుకు తగ్గించారు?</b>

మన దేశంలో సహజ పోలియో క్రిమి వల్ల కాలు పడిపోయిన చివరి కేసు 2011 జనవరిలో పశ్చిమ బెంగాల్‌లోని హౌరా జిల్లాలో వచ్చింది. మూడేళ్ళు ఇంకో కేసు రాలేదు. అందువలన 2014 మార్చి 27న ప్రపంచ ఆరోగ్య సంస్థ మన దేశానికి పోలియో లేదని ధ్రువీకరించింది. ఈ క్రిమిలో 3 రకాలు కలవు. 2వ రకం పోయిందని 2015లో, 3వ రకం పోయిందని 2019లో ప్రకటించారు. 1వ రకం మాత్రం మిగిలింది. 2024లో ఆ రకం వల్ల పిల్లల కాళ్ళు పడిపోయిన కేసులు పాకిస్తాన్, ఆఫ్ఘనిస్తాన్‌లలోనే వచ్చాయి.

<b>మరి మందు పూర్తిగా ఆపవచ్చు కదా?</b>

మశూచి పోయిందని 1980లో ప్రకటించాక ఆ టీకా ఆపేశారు. కానీ మశూచి సోకితే ఒంటి మీద పొక్కులు కనపడతాయి, ఎవరికి వచ్చిందో ఊరందరికీ తెలుస్తుంది. పోలియో అలా కాదు. సుమారు 200 మందికి క్రిమి సోకితే ఒక్కరికే కాళ్ళు చేతులు పడిపోతాయి. మిగతావాళ్ళు మామూలుగా ఆడుకుంటూనే ఉంటారు, వాళ్ళ మలం ద్వారా క్రిమి నీళ్ళలోకి, చేతుల్లోకి, నోట్లోకి పోతుంది. అనగా ఒక పిల్లవాడి కాలు పడిపోయిందంటే, అప్పటికే క్రిమి చాలామందిలో తిరిగిందన్నమాట.

ఇంకొక విషయం. చుక్కల మందులో ఉండేది బలం తగ్గించిన బతికిన క్రిమి. ఎక్కువమంది పిల్లలు మందు వేసుకోని చోట అది ఒకరి నుంచి ఒకరికి చాలాకాలం పాకుతూ పోతే మళ్ళీ బలం తెచ్చుకోవచ్చు. 2016లో హైదరాబాదు మురుగునీటిలో అటువంటి 2వ రకం క్రిమి దొరికింది. ఏ పిల్లవాడికీ జబ్బు రాలేదు. అయినా ఆగలేదు, హైదరాబాదు, రంగారెడ్డి జిల్లాల్లో సుమారు 3 లక్షల మంది పిల్లలకు సూదిమందు వేయడానికి పూనుకున్నారు. సూదిమందులో ఉండేది చచ్చిన క్రిమి. అది మళ్ళీ బలం తెచ్చుకోలేదు.

<b>మనకు ఎందుకు ముఖ్యం?</b>

ఇంతకు ముందు మందు మన గుమ్మం దాకా వచ్చేది. ఒకసారి తప్పిపోయిన పిల్లవాడు తర్వాతి రౌండులో దొరికేవాడు. రౌండ్లు తగ్గితే అలా దొరకడం కష్టం. మిర్చి కోతలకు, ఇటుక బట్టీలకు వలస పోయినవారి పిల్లలు, వాగు అవతల గూడేల పిల్లలు ముందు తప్పిపోతారు. కావున మామూలుగా వేసే టీకాలే ఇప్పుడు అసలు అండ.

<b>మనం చేయవలసిన పనులు</b>

1. సెలవులకు ఇంటికి పోయినప్పుడు తమ్ముళ్ళ, చెల్లెళ్ళ టీకా కార్డు చదవాలి. చాలా ఇళ్ళలో చదవగలిగేది మనమే.

2. చుక్కలు: పుట్టగానే, 6, 10, 14 వారాలకు, తర్వాత 16–24 నెలల మధ్య. సూదిమందు: 6 వారాలకు, 14 వారాలకు, 9 నెలలు నిండాక.

3. ఏదైనా తప్పితే నర్సమ్మకు గానీ, ఆశా అక్కకు గానీ చెప్పాలి. ఆలస్యమయిందని మానకూడదు. చుక్కలు 5 ఏళ్ళ వరకు వేయవచ్చు.

4. మన ఊళ్ళో పల్స్ పోలియో ఆదివారం పెడితే, కార్డు పూర్తిగా ఉన్నా 5 ఏళ్ళ లోపు పిల్లలకు వేయించాలి.

5. 15 ఏళ్ళ లోపు ఎవరికైనా ఉన్నట్టుండి కాలు గానీ చెయ్యి గానీ మెత్తబడి పట్టు తప్పితే వెంటనే ఆసుపత్రికి చెప్పాలి. 14 రోజుల లోపల రెండుసార్లు మలం తీసి పరీక్షకు పంపాలి. పూజ చేయించుకునేవాళ్ళు చేయించుకోవచ్చు గానీ కబురు మాత్రం ఆ రోజే వెళ్ళాలి. ఇది హాస్టలుకు కూడా వర్తిస్తుంది.

6. దొడ్డికి వెళ్ళి వచ్చాక, అన్నానికి ముందు సబ్బుతో చేతులు కడగాలి.

<b>ఆలోచించి చెప్పండి</b>

(అ) మశూచి టీకా ఆపినట్టు పోలియో మందు ఇప్పుడే ఎందుకు ఆపలేదు?
(ఆ) మీ ఇంట్లో 5 ఏళ్ళ లోపు వారు ఎందరు? వారి కార్డులు ఎక్కడ ఉన్నాయి?

రెండో ప్రశ్నకు జవాబు ఈ గోడ మీద దొరకదు. ఇంటికి పోయి చూసి రావాలి.

ఆదివారాలు తగ్గినా, జాగ్రత్త తగ్గకూడదు!