డచ్చివారెవరు? జర్మనులెవరు?

మన సైన్సు పుస్తకాల్లో వాన్ డర్ వాల్స్ డచ్చివాడు, మాక్స్ ప్లాంక్ జర్మను. నెదర్లాండ్స్ వారు డచ్చివారు, జర్మనీవారు జర్మనులు. పరీక్షకు ఈపాటి తెలిస్తే చాలు. కాని జర్మనులు తమను ఏమని చెప్పుకుంటారో చూడండి: 'డాయిచ్'. చెవికి ఇది 'డచ్'కు చుట్టంలా లేదూ? నిజంగా చుట్టమే.

ఆ ప్రాంతపు పాత భాషల్లో 'ప్రజలు' అనే అర్థంగల ఒక మాట ఉండేది. పండితుల లాటిన్ కాదు, జనం మాట్లాడే భాష అని చెప్పడానికి దాన్నుంచే మరో మాట పుట్టింది. డాయిచ్, డచ్ రెండూ ఆ వేరు మొలకలే.

ఒకప్పుడు ఇంగ్లీషువారు ఈ జనాన్నందరినీ డచ్ అనే పిలిచేవారు. ఎగువ కొండసీమవారు 'హై డచ్', సముద్రతీరపు పల్లంవారు 'లో డచ్'. 1648 సంధిలో స్పెయిన్ నెదర్లాండ్స్ స్వాతంత్ర్యాన్ని ఒప్పుకుంది. ఆ శతాబ్దంలో సముద్రం మీద ఇంగ్లీషువారికి బేరానికైనా, పోరుకైనా ఎదురయ్యేది ఈ పొరుగువారే. దాంతో డచ్ అనే పేరు వీరికే అంటుకుపోయింది. మిగిలినవారికి సీజరు నాటి లాటిన్ పేరు 'జర్మన్' స్థిరపడింది. అమెరికాలోని 'పెన్సిల్వేనియా డచ్' వారు మాత్రం జర్మన్ సంతతివారే. పాత అర్థం అక్కడ అలా మిగిలిపోయింది.

మనవాళ్లు డచ్చివారిని హాలండ్ పేరు మీద వలందులన్నారు. బందరులో వలందపాలెం ఆ గుర్తే. నిజానికి హాలండ్ ఆ దేశంలో ఒక భాగం మాత్రమే!

మనకూ ఇలాంటిదే జరిగింది. అన్యమతస్థులనే అర్థంగల పోర్చుగీసు మాటను ఇంగ్లీషువారు 'జెంటూ' చేసి మొదట హిందువులందరికీ వాడారు. మద్రాసు వైపు అది కుదించుకుపోయి తెలుగువారికీ, తెలుగు భాషకూ పేరయింది.

మా పొలాన్ని మేం చెరువుకింది చేను అంటాం, పొరుగూరివాళ్లు తాళ్లచేను అంటారు. ఏ గట్టున నిలబడితే ఆ పేరు. చేనుకేం నష్టం లేదు. మనుషుల సంగతి అలా కాదు. ఉత్తరాదికి వెళ్లిన మనవాణ్ణి 'మద్రాసీ' అంటే మనకు చివుక్కుమంటుంది. మరి మనం తెల్లవాళ్లందరినీ ఇంగ్లీషువాళ్లని ఒకే గాటన కట్టడం న్యాయమా? మిత్రులారా, ఎవరి పేరు వారినే అడిగి తెలుసుకుందాం. చదువుకున్నవాళ్లకు అదే మర్యాద.